పాత పాటే పాడాలా?

బెల్ అండ్ సెబాస్టియన్ అభిమానులతో ఓ చిక్కుంది. 2003లో వచ్చిన 'డియర్ కెటాస్ట్రఫీ వెయిట్రెస్' ఆల్బం పేరెత్తితే చాలు, "అక్కడితో వాళ్ళ పని అయిపోయిందండీ" అంటారు. ఇరవయ్యేళ్ళు దాటినా అదే మాట! ఒప్పేసుకుంటున్నా, నేనూ చాన్నాళ్ళు ఆ జట్టులోనే ఉన్నాను.

ఇంతకీ వాళ్ళు చేసిన నేరమేంటి? గ్లాస్గోలో 1996లో మొదలైన ఈ బ్యాండు, గొంతు పెంచకుండా చెవిలో చెప్పినట్టు పాడేది. అలాంటివాళ్ళు, 'రిలాక్స్' లాంటి హోరెత్తించే పాటలకి ప్రొడ్యూసరైన ట్రెవర్ హార్న్‌ని పిలిచి ఆల్బం అప్పజెప్పారు. ఇంకేం, "అమ్ముడుపోయారు" అని ముద్ర కొట్టేశారు.

సరే, వినే మాట్లాడుకుందాం. 'అయామ్ ఎ కుకూ'లో థిన్ లిజీ తరహా గిటార్లు. చివర్లో 'స్టే లూజ్' దాదాపు ఏడు నిమిషాలు, న్యూవేవ్ వాసన. 'స్టెప్ ఇన్‌టు మై ఆఫీస్, బేబీ'లో హంగామా నాకూ కాస్త ఎక్కువే అనిపిస్తుంది. కానీ 'పియాజా, న్యూయార్క్ క్యాచర్'లో ఓ గొంతూ ఓ గిటారూ, అంతే. 'లార్డ్ ఆంథొనీ' అయితే బళ్ళో తోటిపిల్లల చేతిలో నలిగిపోయే కుర్రాడి కథ. అంటే పాత గది ఉన్నచోటే ఉంది. పక్కన ఇంకో నాలుగు గదులు వేసుకున్నారు. అది తప్పా?

అసలు సంగతి వేరే ఉంది. స్టూవర్ట్ మర్డాక్ పాటలు రాయడం మొదలెట్టింది ఏళ్ళ తరబడి కూలదోసిన క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ మధ్య. మొదటి పాటల్లోని ఆ ఒంటరితనం ఊరికే రాలేదు. హాస్టల్ గదిలో అర్ధరాత్రి అవి విని, నాకోసమే రాశాడనుకున్నాను. ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదని ఆయనే చెప్పుకున్నాడు. అయినా లేచి, నలుగుర్ని పోగేసి, గెంతుతూ పాడాడు. అది చూసి మనం మొహం ముడుచుకున్నాం. నా దిగులుకి తోడు కావాలి కాబట్టి నువ్వా గదిలోనే ఉండు అనడం అభిమానమా, స్వార్థమా?

మా ఆఫీసులో పాత కోడ్ ముట్టుకోబోతే "పనిచేస్తోందిగా, వదిలెయ్" అంటారు. దాన్ని మెయింటెనెన్స్ అంటారు. కోడ్‌కైతే సరే, పాట కట్టేవాణ్ణి కూడా మెయింటెనెన్స్‌లో పెడతామంటే ఎలాగండీ?

పాత ఆల్బమ్‌లు ఎక్కడికీ పోలేదు. దిగులేసినప్పుడు నేనిప్పటికీ అవే వింటాను. మనిషిని మాత్రం వదిలేద్దాం, కాస్త గెంతనివ్వండి.