గృహలెక్కలు: గడులలో వ్రాఁత నిలుపు విధము

పూర్వము చిట్టాలలో వ్రాసిన యింటిలెక్కలను నేఁడు పెక్కుగృహములలో కంప్యూటరుపై ఎక్సెల్ గడులలో వ్రాయుచున్నారు. మేమును మా పేటలోని పొదుపు సంఘపు పద్దుల నట్లే వ్రాయుచున్నాము. గడిలో వ్రాఁత నెచ్చట నిలుపవలెనను విషయము కేవల మలంకారమని కొందఱు తలఁతురు. అది సరికాదు. లెక్కలోని నిజానిజములు దానివలననే బయలుపడును.

మనము వేఱుగా నేమియుఁ జెప్పనియెడల మాటలు గడికి ఎడమవైపునను, అంకెలు కుడివైపునను తమంత నిలుచును. "500 రూపాయలు" అని యొకే గడిలో వ్రాసితిమేని ఎక్సెల్ దానిని మాటగా నెంచి యెడమకుఁ జేర్చును. సమ్ అను సూత్రము మొత్తము కట్టునపుడు దానిని విడిచివేయును. కావున గడిలో 500 అని మాత్రమే వ్రాసి, రూపాయలను మాటను వరుసపైని శీర్షికలో నుంచవలెను. అందమునకై అంకెలన్నింటిని నడుమకుఁ దెచ్చుటయుఁ దగదు. అట్లు చేసినచో తప్పును దెలుపు గుర్తే మాసిపోవును. ఒక సోదరి కట్టిన సొమ్ము మొత్తమునఁ జేరకున్నను ఎవ్వరికిని గన్పట్టదు.

ఇఁక ఉపపద్దుల మాట. "వంటయిల్లు" అను పద్దుక్రింద బియ్యము, పప్పు, పాలు అనువానిని కొంచెము లోనికి జరిపి వ్రాయుట మంచి పద్ధతి. అందులకై కొందఱు మాటకు ముందు ఖాళీలు కొట్టుదురు. ఆ ఖాళీలును వ్రాఁతలో భాగములే యగుటచే, ఖాళీతోఁ గూడిన "పాలు" వేఱు, ఖాళీ లేని "పాలు" వేఱు. పాలకైన వ్యయమెంతయని సమ్‌ఇఫ్ సూత్రముచే నడిగినచో, ఖాళీలుగల పద్దులు లెక్కకు రావు. అందుచే గడి నెన్నుకొని, హోమ్ పట్టీలోని ఇంక్రీజ్ ఇండెంట్ గుర్తును నొక్కవలెను. వెనుకకుఁ దెచ్చుటకు డిక్రీజ్ ఇండెంట్ కలదు. దీనివలన రూపు మాత్రమే మాఱును, వ్రాఁత మాఱదు. ఇదివఱకే ఖాళీలు పడియున్నచో ట్రిమ్ అను సూత్రము వేఱొక గడిలో వానిని తీసివేసిన మాటను చూపును.

పొడవైన వివరము గడిలో నిమడనియెడల వ్రాప్ టెక్స్ట్ నొక్కినచో పంక్తులుగా విఱుగును. శీర్షికకై గడులను గలిపివేసినచో పట్టికను క్రమపఱచుటకు ఆటంకము గలుగును. కంట్రోల్ మీటతో 1 నొక్కి, అలైన్‌మెంట్ పుటలో సెంటర్ అక్రాస్ సెలక్షన్ నెన్నుకొనుట మేలు.

లెక్క వ్రాసినవారికే గాక చూచువారికిని దెలియవలెను. కావున నెలలెక్క మూయుటకు ముందు అంకెల వరుసను పైనుండి క్రిందివఱకుఁ జూచి, యెడమకు జరిగిన యంకె యేదైన నున్నదేమో పరిశీలింపుఁడని మా మనవి.