గోడకు రంగు.. గదికి వెలుగు
చిన్న ఇళ్లకు వరమూ అదే, అజాగ్రత్తగా ఉంటే ముప్పూ అదే

తల్లాడ: ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం దారులు కలిసే కూడలి తల్లాడ. ఇక్కడి నుంచి భద్రాచలం మన్యం వరకు సొంతింటి కల నెరవేరుతున్న కుటుంబాల ముందు ఇప్పుడొక చిన్న ప్రశ్న నిలుస్తోంది. గోడలకు ఏ రంగు వేయాలి? చూడటానికి ఇది అలంకరణకు సంబంధించిన విషయమే. ఆరోగ్యం, ఖర్చు, ఎండ తీవ్రత కూడా దీనితో ముడిపడి ఉండటం గమనార్హం.

భద్రాచలంలో 2024 మార్చి 11న ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో లబ్ధిదారులకు 5 లక్షల రూపాయల సాయం విడతలవారీగా అందుతుంది. ఇంటి కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు. ఇంత చిన్న ఇంట్లో గదిని పెంచడం సాధ్యం కాదు. విశాలంగా కనిపించేలా చేయడం మాత్రం సాధ్యమే. అయితే చేతిలో డబ్బు అయిపోయాక చివరికి మిగిలే పని రంగులే కావడంతో, ఎంపిక ధర మీదే ఆధారపడుతోంది.

సున్నం నేర్పిన పాఠం

పూర్వం పండుగకు ముందు గోడలకు సున్నం వేసి, అందులో కాస్త నీలిమందు కలిపేవారు. అరుగులకు ఎర్రమన్ను పూసేవారు. కిటికీలు తక్కువగా ఉన్న ఇళ్లలో సున్నపు తెలుపు వెలుతురును గది నలుమూలలకూ పంచేది. సున్నానికున్న క్షారగుణం బూజును అడ్డుకునేది. ఒకే కిటికీ ఉన్న గదికి నేటికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. పైకప్పుకు తెలుపు, గోడలకు మీగడ రంగు లేదా లేత పసుపు వేసి, ముదురు రంగు కావాలనుకుంటే కిటికీ ఎదుటి గోడను వదిలి మరొక గోడకే పరిమితం చేయాలి.

గదిలో లేత నీలం కంటికి చల్లగా తోచవచ్చు గానీ ఉక్కను తగ్గించదు. ఆ పని చేయగలిగింది శ్లాబు మీద, పడమటి గోడ వెలుపల వేసే తెలుపే. ఎండను తిప్పికొట్టే పైకప్పులను ప్రోత్సహించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది. వేసవిలో నిప్పులు చెరిగే ఈ ప్రాంతానికి దాని అవసరం ఎంతైనా ఉంది.

సీసంతో జాగ్రత్త

తలుపులు, కిటికీలకు వాడే మెరుపు పసుపు, నారింజ, ఎరుపు ఎనామిల్ రంగుల్లో సీసం కలపడం చాలాకాలం సాగింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పే వీలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేస్తోంది. కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదు. ఇది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులు పాత ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని పొడిగా గీకితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. అందుకే తడిపి రుద్దాలి. పిల్లలను, గర్భిణులను ఆ పని జరిగే చోట ఉండనీయరాదు.

కొత్త ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరకముందే రంగు వేస్తే తేమకు పొరలుగా ఊడిపోతుంది. కనీసం నెల రోజులు ఆగడం మేలు. డబ్బాపై సీసం వివరాలు, తయారీ తేదీ చూశాకే కొనాలి. చివరి విడత బిల్లులో కొంత సొమ్మును రంగుల కోసం ముందే పక్కన పెట్టుకోవడం అవసరం. ఇళ్ల నిర్మాణాన్ని పరిశీలించే అధికారులు పునాది, గోడలతో పాటు ఈ జాగ్రత్తలనూ లబ్ధిదారులకు వివరిస్తే ప్రయోజనం ఉంటుంది.