కలిపితే చెడేది కథ కాదు

మన సభల్లో ఈ మధ్య ఒక మాట తరచు వినబడుతోంది. ఉగాది కావచ్చు, గురజాడ జయంతి కావచ్చు, ఉపన్యాసం చివరికొచ్చేసరికి ఆ మాట దొర్లుతుంది. "జపాను బొమ్మల కథలు చూసి మన పిల్లలు చెడిపోతున్నారు. ఒక కథలోని రాక్షసుణ్ణి, ఇంకో కథలోని దేవతను, మూడో కథలోని సైనికురాలిని ఒకచోట కుప్పబోసి వెకిలి నవ్వులు నవ్విస్తున్నారు. ఇది సాహిత్యమా? రేపు మన రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఇలాగే చేస్తారు." వెంటనే చప్పట్లు పడతాయి. చప్పట్లు కొట్టేవారిలో ఆ బొమ్మల కథ చూసినవారు ఎందరో నాకు అనుమానమే.

నేను చూశాను. చూసిన తర్వాత ఆ చప్పట్లలో చేరలేకపోతున్నాను. ఆ మాటలో రెండు తప్పులున్నాయి. ఒకటి మన సాహిత్యాన్ని గురించినది, రెండవది మనల్ని గురించినది. రెండవదే ఎక్కువ ప్రమాదం.

ముందు ఆ కథేమిటో చెప్పాలి. దాని పేరు 'ఇసెకై క్వార్టెట్'. ఇసెకై అంటే జపాను భాషలో వేరే లోకం. ఈ లోకంలోని మనిషి మరో లోకంలోకి పోయి పడటమో, అక్కడ మళ్ళీ పుట్టటమో ఈ జాతి కథల ప్రధాన విషయం. ఓవర్‌లార్డ్, కోనోసుబా, రీ జీరో, తాన్యా ది ఈవిల్ అని అలాంటి నాలుగు వేరువేరు నవలామాలికలు అక్కడ బాగా పేరు తెచ్చుకున్నాయి. ఆ నాలుగింటి పాత్రలనూ పొట్టి బొమ్మలుగా మార్చి, ఒక మీట నొక్కగానే అందరూ ఒక బడిలో వచ్చి పడినట్టు, ఒకే తరగతిలో విద్యార్థులైనట్టు హాస్యకథగా అల్లారు. 2019 ఏప్రిల్‌లో టెలివిజన్లో మొదలైంది. ఒక్కొక్క భాగం పన్నెండు నిమిషాలు. 2022లో సినిమా కూడా వచ్చింది.

అందులో నవ్వు ఎలా పుడుతుందో గమనించండి. ఒకడు అస్థిపంజరం రూపంలో ఉన్న ప్రేతరాజు. ఒకామె ప్రేతాలను శుద్ధి చేసే దేవత. ఆ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే చాలు. ఇంకొక చిన్నపిల్ల ఉంది. చూడటానికి పసిపిల్ల, లోపల కరుడుగట్టిన సైనికాధికారి. దేవుడి మీద కోపంతో బతుకుతున్న మనిషి. పక్క బల్ల మీద దేవత కనబడితే ఆమె ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎవరి స్వభావాన్నీ మార్చలేదు. ఎవరి స్వభావం వారికుండగా ఇరుగుపొరుగు చేశారు, అంతే.

ఇది మనకు కొత్తా? తోలుబొమ్మలాట చూసినవారికి ఈ మాట అడగనక్కర్లేదు. రావణుడి కొలువు జరుగుతుంటుంది. మధ్యలో కేతిగాడు దూరతాడు. వెనకే బంగారక్క, జుట్టుపోలిగాడు. వాల్మీకికి వీళ్ళెవరో తెలియదు. వాళ్ళు ఊరి సంగతులు మాట్లాడతారు, తిట్టుకుంటారు, కొట్టుకుంటారు. తర్వాత సీతమ్మ దుఃఖం మళ్ళీ మొదలవుతుంది. జనం ఆ నవ్వుకు నవ్వి, ఈ ఏడుపుకు ఏడ్చారు. రామాయణానికి ఏ లోటూ రాలేదు. మన వైపు కూత్తులో కట్టియక్కారన్ చేసేదీ అదే. దుర్యోధనుడు తెర వెనక నుంచి రాకముందే వాడు వచ్చి, హస్తినాపురాన్ని మన ఊరి సందులోకి దించుతాడు. ఆ తర్వాత ఎంత పెద్ద చక్రవర్తి అయినా వాడి ఎగతాళికి జవాబు చెప్పుకోవలసిందే.

సరే, అది పామరుల వినోదం అంటారా? చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' తీసుకోండి. గంధర్వుడు ఉమ్మిన ఉమ్ము కృష్ణుడి దోసిట్లో పడటం, కృష్ణుడు వాణ్ణి చంపుతానని శపథం పట్టటం, సంగతి తెలియని అర్జునుడు వాడికి అభయమివ్వటం, చివరికి బావామరదులు ఎదురెదురుగా నిలబడటం, ఇదేదీ వ్యాసుడు రాసినది కాదు. ఈ కథే 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' సినిమా అయింది. 'మాయాబజార్' సంగతి చెప్పనే అక్కర్లేదు. బలరాముడి కూతురు శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఘటోత్కచుడు పెళ్ళికూతురి వేషం వేసుకుని పెళ్ళివారిని ముప్పుతిప్పలు పెట్టటం అసలే లేదు. 1957లో మద్రాసు విజయా వాహినీ వారు ఆ సినిమాను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. శశిరేఖ అక్కడ వత్సల అయింది. రెండు భాషల్లోనూ సావిత్రే, రెండింటిలోనూ రంగారావుగారే. దాన్ని నెత్తిన పెట్టుకుని పూజించే మనం, జపానువాడు చేస్తే కుప్పబోశాడంటున్నాం. 1977లో వచ్చిన 'యమగోల'లో భూలోకం మనిషి యమలోకానికి పోయి యమభటుల చేత సమ్మె చేయించాడు. ఇసెకై అంటే ఇంతకన్నా ఏముంది?

కనుక కలపటం నేరం కాదు. కాని ఎలా కలిపినా చెల్లుతుందని నేననటం లేదు. మాయాబజార్లో ఘటోత్కచుడు ఎంత నవ్వించినా ఘటోత్కచుడే. బలం, తిండి, తల్లి మాట మీద గురి, పెదనాన్నలంటే అభిమానం ఎక్కడా తప్పలేదు. యముడికి కోటు తొడిగి రెండు బూతులు పలికించి హాస్యమనే వాళ్ళున్నారు. అక్కడ యముడి పేరే ఉంది గాని యముడు లేడు. తెలిసి కలిపినదానికీ, తెలియక కలిపినదానికీ తేడా ఇదే. ఆ జపాను కథ మొదటి తరగతికి చెందుతుంది. అందుకే నాకు దాని మీద కోపం రాలేదు.

ఇంకొక తేడా ఉంది. దాన్ని మనవాళ్ళు ఎందుకు గమనించరో నాకు అర్థం కాదు. ఆ నాలుగు మాలికలూ అక్కడ కడొకావా అనే ఒకే పెద్ద ప్రచురణ సంస్థవి. ఒకే యజమాని కనుక ఆ పాత్రలను ఒక బడిలో చేర్చటం తేలికైంది. వేరే వారి పాత్ర కావాలంటే ఒప్పందాలు, సంతకాలు, డబ్బులు. మన ఘటోత్కచుడికి యజమాని లేడు. కేతిగాడికి హక్కుదారు లేడు. తిరువళ్ళూరులో బడిపిల్ల అయినా సరే, తిరుత్తణి సంతలో కూరలమ్ముకునే మనిషి అయినా సరే, రేపు పొద్దున్నే కాగితం తీసుకుని హిడింబినీ బంగారక్కనూ ఒకే బావి దగ్గర నీళ్ళకు నిలబెట్టవచ్చు. అడ్డుకునే చట్టం లేదు. అడ్డుకునేది మన సభల్లోని ఆ చప్పట్లే.

ఇక రెండవ తప్పు. కలగాపులగం అనే ఈసడింపు ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించారా? అదే నోరు మన మాటనూ ఈసడిస్తుంది. సరిహద్దు దాటి అటు వెళితే మన తెలుగును 'అరవ తెలుగు' అంటారు. ఇటు మన యాసకు వేరే పేరుంది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. సత్యవేడు వైపు ఊళ్ళు అటు పోయాయి. ఒక రాత్రిలో గీత అటూ ఇటూ అయింది గాని, వంటింట్లో మాట గీత ప్రకారం విడిపోలేదు. సంతలో తమిళం, ఇంట్లో తెలుగు, గుడిలో రెండూ. మనం పుట్టటమే రెండు కథల పాత్రలు ఒక బడిలో చేరినట్టు పుట్టాం. కలపటమే పాపమైతే మొదటి పాపులం మనమే. కలిపిన కథను వేదిక మీద వెక్కిరించి, కలిసిన మాటతో ఇంటికి వెళ్ళి భోంచేసేవారికి ఈ సంగతి తట్టదు.

మన దేవుళ్ళను చూసినా సరిపోతుంది. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి పడుకుని ఉంటాడు. తిరుత్తణి కొండ మీద మురుగన్ నిలబడి ఉంటాడు. తమిళుల లెక్కలో ఆయన విష్ణువుకు అల్లుడు. మామ ఊరికీ అల్లుడి కొండకీ మధ్య అరక్కోణం. రెండు సంప్రదాయాలను చుట్టరికం కలిపి ఒకే రైలు దారి మీద కూర్చోబెట్టిన పెద్దలకు మన వక్తలు ఏమని శిక్ష వేస్తారు?

మరి బాధ పడవలసినది ఏమీ లేదా? ఉంది. అది వేరే చోట ఉంది. మా వీధిలో ఒక ఆరో తరగతి పిల్లవాడు ఈ జపాను కథను నాకు గంటసేపు వివరించాడు. "తాతా, ఆ ఎముకల రాజు ఉండాడే, వాడు లోపల మంచోడు. బయటికి మాత్రం బెదిరిస్తాడు" అన్నాడు. వాడి సేవకుల పేర్లన్నీ వరుసగా చెప్పాడు. ఎవరు ఎవరిని చూసి ఎందుకు జంకుతారో చెప్పాడు. నాలుగు కథలూ క్షుణ్ణంగా తెలుసు కనుకే ఆ నాలుగూ కలిసిన చోట వాడికి నవ్వు వచ్చింది. నేను ఘటోత్కచుడి ప్రసక్తి తెచ్చాను. "భీముడు తెలుసు. ఈయన ఎవురు?" అన్నాడు. హిడింబి పేరు వాడు వినలేదు.

ఇదీ అసలు నష్టం. కేతిగాడి హాస్యం చచ్చిపోతున్నది జపాను హాస్యం వల్ల కాదు. కేతిగాడికి నవ్వాలంటే ముందు రావణుడి కొలువు తెలియాలి. మాయాబజార్‌కు నవ్వాలంటే కౌరవులూ పాండవులూ బలరాముడూ ఒకరికొకరు ఏమవుతారో తెలియాలి. కలిపిన కథ చదువుకున్నవాడి కథ. మూలం తెలియని పిల్లవాడికి అది వట్టి వేషాల గోల. మన పిల్లలకు మూలం చెప్పేవారు తగ్గిపోయారు. 1947 జూలైలో చందమామ తెలుగులోనూ, అంబులిమామగా తమిళంలోనూ మద్రాసు నుంచే ఒకేసారి మొదలైంది. రెండు భాషల పిల్లలకూ ఒకే కథ అందేది. అది 2013 నాటికి ఆగిపోయింది. 2006 తమిళ అధ్యయన చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. మాతృభాష ఐచ్ఛికంగా మిగిలింది. కొన్నేళ్ళు మినహాయింపుల కోసం న్యాయస్థానాల చుట్టూ తిరిగాం. ఆ పోరాటం అవసరమే. కాని న్యాయస్థానం ఇచ్చేది తెలుగు పరీక్ష రాసే హక్కు. హిడింబి ఎవరో అది చెప్పదు. ఆ పని మనదే.

ఇంతలో జపాను కథలు తెలుగులోకి వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' మన దేశంలో తమిళం, తెలుగు అనువాదాలతో కూడా విడుదలైంది. జపానువాడు మన భాషలో మన పిల్లవాడితో మాట్లాడటానికి ఖర్చు పెడుతున్నాడు. మనం వాడితో తెలుగులో ఒక కథ చెప్పటానికి ఖర్చు పెట్టక, వాడు చూసేదాన్ని తిడుతున్నాం. ఇదెక్కడి న్యాయం?

అందుకని నా కోరిక సూటిగా చెబుతాను. వచ్చే ఉగాదికి మన సంఘాలు రెండు ఉపన్యాసాలు తగ్గించాలి. ఆ గంట పిల్లలకివ్వాలి. అంతకుముందు రెండు నెలలపాటు వారానికొకసారి ఎవరో ఒకరు, బామ్మలైతే మరీ మంచిది, భారతమూ రామాయణమూ కాశీమజిలీలూ వాళ్ళకు చెప్పాలి. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం కూత్తు ఆడినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీదికి వచ్చినవారెవరో చెవిలో చెప్పాలి. తర్వాత ఉగాది వేదిక మీద వాళ్ళు కలుపుకోవలసినవారిని కలుపుకోనివ్వాలి. ఎముకల రాజు ఘటోత్కచుడి ఇంటికి భోజనానికి వస్తే రానీండి. బంగారక్క ఆ జపాను దేవతకు వడ్డించి నాలుగు చీవాట్లు పెడితే పెట్టనీండి. మాటల్లో తమిళం దొర్లితే మధ్యలో లేచి దిద్దకండి. ఒక్కటి మాత్రం అడగండి. ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే మాట్లాడాడా లేదా అని.

అలా మాట్లాడితే ఆ రోజు నేనూ చప్పట్లు కొడతాను.