ముట్టకుండా పడగొట్టే విద్య

రాజీవ్ రహదారి మీద కరీంనగర్ నుంచి పెద్దపల్లి, రామగుండం మీదుగా మంచిర్యాల దాకా వెళ్తుంటే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల నడుమ ఇంకో రకం ఫ్లెక్సీ కనపడుతుంది. ఒక మూల బ్రూస్‌లీ, ఇంకో మూల గడ్డం పెంచి గుడ్లురిమి చూసే బోధిధర్ముడు, పైన వరుసగా లోకల్ లీడర్ల ముఖాలు, మధ్యలో నల్ల బెల్టు కట్టుకున్న మాస్టర్. కింద 'కరాటే, కుంగ్‌ఫూ, యోగా, ఆత్మరక్షణ నేర్పబడును'. కొన్నింటి మీద 'షావోలిన్' అనీ, 'గ్రాండ్ మాస్టర్' అనీ ఉంటుంది. చైనా మొహం చూడనివాడికి షావోలిన్ ఎక్కడిదని నవ్వడం చాలా సులువు. నాకైతే నవ్వు రాదు.

ఎందుకంటే ఆ మాస్టర్ పొద్దున అయిదున్నరకే గ్రౌండ్‌లో ఉంటాడు. రెండు గంటలు బ్యాచ్ నడిపి, ఇంటికొచ్చి ఇంత తిని, మళ్లీ ఏదో ప్రైవేటు స్కూల్లో గేమ్స్ పీరియడ్‌కు పరుగెత్తుతాడు. సాయంత్రం ఇంకో బ్యాచ్. వానాకాలం గ్రౌండంతా బురద, మార్చిలో పరీక్షలు. పిల్లలు రాని నెల ఫీజూ రాదు. వేసవి శిబిరాలు ఒక్కటే ఆయనకు పంట చేతికొచ్చే కాలం. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పినందుకు సమగ్ర శిక్షా పథకం కింద బడికి నెలకు 5,000 రూపాయల లెక్కన మూడు నెలలు ఇస్తారు. మిగతా తొమ్మిది నెలలు ఎట్లా గడవాలో ఆ పథకం చెప్పదు.

అందుకే బెల్టులు. రంగురంగుల బెల్టులు జపాన్ జూడో వాళ్ల ఏర్పాటు; చైనా పాత గురువులకు వాటి ఊసే లేదు. అయినా మన దగ్గర కుంగ్‌ఫూ పిల్లలకు కూడా పసుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా వచ్చేస్తాయి. ప్రతి రంగుకూ ఒక టెస్టు, టెస్టుకు ఒక ఫీజు, ఫీజుకు ఒక సర్టిఫికెట్. తల్లిదండ్రులకు కావలసిందీ అదే. పిల్లవాడి నడుము ఎంత వంగుతుందో వాళ్లకు కనపడదు, బెల్టు రంగు మారితే కనపడుతుంది. దీన్ని మోసమనను, బతుకుతెరువంటాను. చైనా గురువుల బతుకు కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ నడవలేదు. సినిమాల్లో దేవుడైపోయిన వాంగ్ ఫే-హుంగ్ మందుల దుకాణం పెట్టుకుని, విరిగిన ఎముకలకు కట్లు కట్టి బతికాడు. ఆ దుకాణమూ 1924 అల్లర్లలో తగలబడింది. బ్రూస్‌లీకి నేర్పిన ఇప్ మాన్ ఉన్నదంతా పోగొట్టుకుని హాంకాంగ్ చేరాక, 1950లో హోటల్ కార్మికుల సంఘంలో పాఠాలు చెప్పుకుని పొట్ట పోసుకున్నాడు. మన హైదరాబాద్ పహిల్వాన్లు కుస్తీతో పాటు ఎముకల కట్లు కట్టడం కూడా ఈ దారిలోదే.

పేచీ ఎక్కడంటే, పొట్టకూటి కోసం విద్యతో పాటు కథను కూడా అమ్మాల్సి వస్తుంది. కొనేవాడికి విద్య కన్నా కథే ఎక్కువ నచ్చుతుంది.

మొదటి కథ బోధిధర్ముడిది. కంచి రాకుమారుడు చైనా వెళ్లి, షావోలిన్ మఠంలో బక్కచిక్కిన సన్యాసులను చూసి జాలిపడి కుంగ్‌ఫూ నేర్పాడని. 2011లో సూర్య '7th సెన్స్' వచ్చాక ఇది మన ఊళ్లలో చరిత్ర పాఠం అయిపోయింది. మాస్టర్ చెబుతాడు, పిల్లలు ఇంటికెళ్లి చెబుతారు, నాన్న ఛాతీ ఉబ్బిస్తాడు. ఆధారం అడిగినవాడు దేశద్రోహి కాకపోయినా దాదాపు అంత పని చేసినవాడు.

ఆధారం సంగతి చూద్దాం. షావోలిన్ మఠాన్ని 495 ప్రాంతంలో ఉత్తర వై చక్రవర్తి కట్టించింది ఒక భారతీయ భిక్షువు కోసమే. కానీ ఆయన బోధిధర్ముడు కాదు, చైనా వాళ్లు బాతువో అని పిలిచిన ఇంకో మనిషి. బోధిధర్ముడి పేరు వినిపించే అతి పాత పుస్తకం 547 నాటిది. అందులో ఆయన లోయాంగ్‌లో ఒక బౌద్ధాలయం అందం చూసి మైమరచిపోయిన ముసలి యాత్రికుడు. పైగా పారశీక దేశం వాడని రాశారు. దక్షిణ భారతం అన్న మాట వేరే చోట వస్తుంది. పిడికిలి బిగించిన ముచ్చట మాత్రం ఎక్కడా లేదు. షావోలిన్ సన్యాసులు 621లో, తర్వాత చక్రవర్తి అయిన లీ షిమిన్ తరఫున యుద్ధంలో దిగిన సంగతి శిలాశాసనంలో ఉంది. 728లో చెక్కిన ఆ రాతి మీద బోధిధర్ముడు యుద్ధవిద్య నేర్పాడన్న ముక్క లేదు. ఆయనను వ్యాయామ గురువుగా చేసింది 1624 నాటి 'యీజిన్ జింగ్' అనే పుస్తకం. అంటే ఆయన పోయిన వెయ్యేళ్లకు పైన. పుస్తకానికి పాతదనం అంటించడానికి 628 నాటిదంటూ ఒక సేనాపతి పేరుతో ముందుమాట తగిలించారు. ఆ ముందుమాటలో ఒక వీరుడి ప్రస్తావన వస్తుంది. ఆ వీరుడు ఆ తర్వాతెప్పుడో పుట్టిన కథలో పాత్ర! దొంగ పట్టా రాసినవాడు ఇంకా అచ్చుకాని స్టాంపు పేపరు తేదీ వేసినట్టు దొరికిపోయాడు. ఇదంతా పాశ్చాత్యుల కుట్ర అనే వీలు కూడా లేదు. బోధిధర్ముడి కథ నిలవదని 1930లో పుస్తకం రాసి తేల్చిన టాంగ్ హావో చైనావాడు, స్వయంగా యుద్ధవిద్య నేర్చినవాడు. సాటి యుద్ధవిద్యల వాళ్లే ఆయన మీద పగబట్టారు.

ఇంతకీ మనకు బౌద్ధం మీద అంత అభిమానమే ఉంటే పెద్దపల్లి దగ్గర ధూళికట్టలో స్తూపం ఉంది. నాగముచిలిందుడు పడగ విప్పిన పలకలు దొరికిన చోటు. బోధిధర్ముడి ఫ్లెక్సీ కట్టిన వాళ్లలో ఎందరు అక్కడికి పోయి చూశారో అడగాలని ఉంటుంది.

రెండో కథ పెంకులది. పంద్రాగస్టుకు, వార్షికోత్సవానికి ఇది లేకుండా కార్యక్రమం పూర్తి కాదు. దగ్గరికెళ్లి, మాస్టర్‌ను వదిలేసి, పేర్చే పిల్లవాడిని చూడండి. రెండు వైపులా రెండు సిమెంటు ఇటుకలు నిలబెడతాడు. వాటి మీద బెంగళూరు పెంకు అడ్డంగా పెడతాడు, నడుమ కింద ఖాళీ. దాని మీద రెండో పెంకు పెట్టేముందు రెండు అంచుల్లోనూ చిన్న కర్రముక్కలు ఉంచుతాడు. మూడోదానికీ అంతే. ఆ కర్రముక్కల్లోనే ఉంది కిటుకంతా. కాల్చిన మట్టి నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోదు. దెబ్బ పైన పడినా పగులు మొదలయ్యేది పెంకు అడుగున. ఖాళీలు ఉండబట్టి పెంకులు ఒక్కొక్కటిగా విరుగుతాయి, విరిగిన పెంకు చేతితో పాటు కిందిదాని మీద పడి సాయం చేస్తుంది. ఆ కర్రముక్కలు తీసేసి పది పెంకులు అంటించి పెట్టి కొట్టమనండి. ప్రాణశక్తి అప్పుడు చెయ్యి వాపు రూపంలో కనపడుతుంది.

ఛాతీ మీద బండ పెట్టి సమ్మెటతో పగలగొట్టేదీ ఇటువంటిదే. బండ ఎంత బరువైతే జనం అంత భయపడతారు, నిజానికి పడుకున్నవాడికి అంత క్షేమం; సమ్మెట వేగాన్ని ఆ బరువే మింగేస్తుంది. మేకుల పడకలో వందల మేకులు ఒంటి బరువు పంచుకుంటాయి. అగ్నిగుండంలో బూడిద కప్పిన నిప్పులు వేడిని గబుక్కున అరికాలికి ఇవ్వవు. నడిచేవాడు నిలబడితే తెలుస్తుంది మహిమ. పీర్ల గుండం తొక్కేవాడికీ వీరభద్రుడి గుండం తొక్కేవాడికీ ఒకే సూత్రం వర్తిస్తుంది, నిప్పుకు మతం లేదు. గోరా కుటుంబం విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి, హేతువాది ప్రేమానంద్ దేశమంతా తిరిగి, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా ఇవన్నీ చేసి చూపించి లోగుట్టు విప్పారు. అయితే కడుపు మీద నుంచి బైకు పోనిచ్చే పిచ్చి మాత్రం ఎవరూ చేయొద్దు. సూత్రం తెలిసినా లోపలి అవయవాలకు దెబ్బ తగులుతుంది.

సాధన గొప్పతనం నేను కాదనడం లేదు. మెలకువ, తెగువ, చర్మం మొద్దుబారేదాకా చేసిన అభ్యాసం లేకుండా పెంకు కూడా పగలదు. కాకపోతే ఆ కష్టానికి మాస్టర్ పెట్టే పేరు కష్టం కాదు, 'చీ' శక్తి. లేదా కుండలిని. చెమటకు రేటు తక్కువ, శక్తికి ఎక్కువ.

మూడో కథ దగ్గరే నాకు భయం. ముట్టకుండా పడగొట్టడం. మాస్టర్ చెయ్యి ఊపుతాడు, అయిదడుగుల దూరంలో శిష్యుడు ఎగిరి పడతాడు. మర్మస్థానం మీద వేలు పెడితే స్పృహ పోతుందంటాడు. శిష్యుడు నటిస్తున్నాడని తేలిగ్గా అనేస్తాం, ప్రతిసారీ అదీ కాదు. రోజూ కాళ్లు మొక్కే గురువు పదిమందిలో చెయ్యి ఊపితే, పడకుండా నిలబడటానికి ధైర్యం కావాలి. పడటం అక్కడ మర్యాద. ఏళ్ల తరబడి అందరూ మర్యాద చేస్తే, చివరికి గురువే తన శక్తిని నమ్మేస్తాడు. జపాన్‌లో యానాగి ర్యూకెన్ అనే వృద్ధ గురువుకు అదే జరిగింది. శిష్యులను గుంపులు గుంపులుగా చేతి ఊపుతో కూల్చేవాడు. 2006లో శిష్యుడు కాని ఒక ఫైటర్‌తో తలపడి నిమిషంలో రక్తం కారుస్తూ నేల మీద పడ్డాడు. అమెరికాలో జార్జ్ డిల్‌మన్ అనే ఆయన స్పర్శ లేకుండా స్పృహ తప్పిస్తానన్నాడు. టీవీ వాళ్ల ముందు ఒక నమ్మనివాడి మీద అది పనిచేయలేదు. ఎందుకని అడిగితే, ఆ మనిషి నాలుక నోట్లో ఉండాల్సిన చోట లేకపోయి ఉండొచ్చట, కాలి బొటనవేళ్ల తీరు కూడా తేడా కావచ్చట! మన దేశంలో 2008 మార్చి 3న ఒక తాంత్రికుడు టీవీ లైవ్‌లో హేతువాది సనల్ ఎడమరుకును మంత్రంతో చంపుతానని గంటల తరబడి ప్రయత్నించి, ఆఖరుకు ఇతను ఏదో బలమైన దేవుణ్ణి కొలుస్తున్నాడన్నాడు. సనల్ నాస్తికుడు. నాలుక అయినా దేవుడైనా సాకు సాకే.

చైనాలో ఈ పరీక్ష 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో జరిగింది. షూ షియావోడాంగ్ అనే ఫైటర్ 'ఉరుము' తైచీ గురువు వెయ్ లెయ్‌ను అర నిమిషం తిరక్కుండా పడేశాడు. ఆ దెబ్బకు తైచీ మొత్తం కొట్టుకుపోయిందని మన యూట్యూబ్ మేధావులు తీర్మానించారు, అదీ తొందరే. ముసలివాళ్లు తూలి పడకుండా తైచీ సాయపడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. వ్యాయామంగా మంచిదైన దాన్ని మాయాస్త్రంగా అమ్మడమే తప్పు. అబద్ధం బయటపెట్టినవాడికి దక్కిందేమిటంటే కేసులు, జరిమానా, ఒక పేరున్న గురువును మోసగాడన్నందుకు క్షమాపణ చెప్పాలన్న కోర్టు తీర్పు. జనంలో చాలామంది గురువుల పక్షానే నిలిచారు. కథ పోతే ఎవరికైనా బాధే.

పోనీలే, నలుగురు పిల్లలు సంతోషంగా ఎగిరి పడితే మనకేం నష్టం అంటారు. 1900లో చైనాలో బాక్సర్లు అనే తిరుగుబాటుదారులు మంత్రించిన కసరత్తులతో తుపాకి గుండ్లు తమను తాకవని నమ్మి ఎదురెళ్లారు. దాదాపు అదే సమయంలో ఇక్కడ బిర్సా ముండా అనుచరులు గుండ్లు నీళ్లవుతాయని నమ్మారు. అయిదేళ్లకు తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద లేచినవాళ్లు సరిగ్గా అదే మాట నమ్మారు. ముగ్గురి పోరాటమూ న్యాయమైనదే. గుండ్లు మాత్రం గుండ్లుగానే తగిలాయి.

మన దగ్గర నష్టం ఇంకా దగ్గర్లో ఉంది. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో మంత్రాలు చేస్తున్నాడన్న అనుమానంతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కొడుకులను కులసంఘం సమావేశం జరుగుతున్న చోటే నరికి చంపారు. ఉత్తర తెలంగాణలో ఇటువంటి వార్త కొత్త కాదు. చంపినవాళ్లు నమ్మింది ఏమిటి? ఒక మనిషి ముట్టకుండానే దూరం నుంచి ఇంకో మనిషి ఒంట్లోకి హాని పంపగలడని. కుంగ్‌ఫూ స్టేజీ మీద చప్పట్లు కొట్టించుకునేది కూడా ఇదే నమ్మకం. స్టేడియంలో దానికి శాలువా కప్పుతాం, వాడలో దానికి గొడ్డలి ఎత్తుతాం. మాస్టర్‌కూ ఆ హత్యకూ సంబంధం ఉందని అనడం లేదు. పదేళ్ల పిల్లవాడికి దూరం నుంచి పనిచేసే శక్తి ఉందని ఒకసారి ఒప్పించాక, అది మంచి గురువు చేతిలోనే ఉంటుందని హామీ ఇచ్చేవాళ్లెవరు అని అడుగుతున్నాను. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటితే మహారాష్ట్రలో మూఢాచారాల మీద 2013లో చేసిన చట్టం ఉంది, దాని కోసం పోరాడిన నరేంద్ర దభోల్కర్ ప్రాణం పోయాక వచ్చింది. ఒడ్డుకు ఇవతల మనకు అలాంటిది లేదు.

ఇక్కడ సాయం చేయగలిగిన మనిషి ఎవరైనా ఉంటే ఈ మాస్టరే. ఒంటికి ఏది తగిలితే ఏమవుతుందో లెక్చరర్ కన్నా, డాక్టర్ కన్నా ఎక్కువసార్లు కళ్లారా చూసినవాడు. ముట్టకుండా ఎవరూ ఎవరినీ ఏమీ చేయలేరని ఆయన ఒక్కమాట అంటే పిల్లలు వింటారు. నేను అన్నా, జన విజ్ఞాన వేదిక వాళ్లు అన్నా అంత వినరు.

మనకు పాత మాదిరి కూడా ఉంది. నిర్మల్, ముధోల్, భైంసా వైపు జాతరల్లో కుస్తీలు పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. కుస్తీ నేర్పే తాలీంలో హనుమంతుడి పటం ఉంటుంది, బ్రహ్మచర్యం వల్లే బలమన్న పాత నమ్మకమూ ఉంటుంది. అవి లేవని కాదు. కానీ బరిలో దిగాక పక్క ఊరి పహిల్వాన్ మన గురువుకు శిష్యుడు కాదు, మర్యాదకు పడడు. వీపు మట్టికి అంటిందా లేదా అన్నదే లెక్క. ఆ పద్ధతిని బెల్టు టెస్టులోకి తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. ఆడపిల్లకు మణికట్టు విడిపించుకోవడం నేర్పితే, పట్టుకునేది క్లాసులో తోటి పిల్ల కాకుండా, వదలకూడదని ముందే చెప్పిన కొత్త మనిషి కావాలి. విడిపించుకోలేకపోతే ఆ పట్టు పనికిరాదని అక్కడే తెలుస్తుంది, బస్టాండులో తెలియడం కన్నా నయం. నెలకు 5,000 చొప్పున మూడు నెలలు వచ్చేదాన్ని పన్నెండు నెలల జీతం చేయడం మాత్రం మాస్టర్ చేతిలో లేదు. అది సర్కారు చేయాలి. చేయనంత కాలం పెంకుల మధ్య కర్రముక్కలు పెట్టే పిల్లవాడికి పని ఉంటూనే ఉంటుంది.