నాలుగు బైట్ల పొదుపు మానుదాం

కెర్నల్‌లో సిస్టమ్ కాల్స్, డ్రైవర్లు రాస్తున్న మిత్రులారా!

స్ట్రక్ట్‌లో నాలుగు బైట్లు మిగిలాయని సంబరపడే ముందు ‘క్లోన్’ పడ్డ పాట్లు చూడండి. లినక్స్‌లో కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఆ కాల్‌కు ఫ్లాగుల కోసం 32 బిట్లే. అందులో ఎనిమిది, పిల్ల ప్రాసెస్ ముగిసినప్పుడు తల్లికి పంపే సిగ్నల్ సంఖ్యకే పోయాయి. చివరికి కొత్త ఫ్లాగుకు చోటే లేకపోయింది. 2019లో, లినక్స్ 5.3తో, ‘క్లోన్3’ అని మరో కాల్ తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన టైమ్ నేమ్‌స్పేస్ ఫ్లాగును ఆ సిగ్నల్ బిట్లలోనే ఇరికించారు. పాత క్లోన్‌కు దాన్ని ఇవ్వడం ఈనాటికీ కుదరదు. పోనీ పాతదాన్ని తీసేద్దామా? దాని మీద నిలబడ్డ ప్రోగ్రాములన్నీ కూలతాయి.

కెర్నల్ లోపలి స్ట్రక్ట్ మన సొంతిల్లు, గోడలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. యూజర్ ప్రోగ్రాముకు ఇచ్చింది మాత్రం ఇచ్చిన మాట. అందుకే అక్కడ ఫ్లాగులకు మొదటి రోజే 64 బిట్లు ఇవ్వండి. కాల్‌కు ఒక్కసారి కాపీ అయ్యే స్ట్రక్ట్‌లో ఆ నాలుగు బైట్ల ఖర్చు ఎంతని?

‘లాంగ్’ వద్దు, 32 బిట్ల యంత్రంలో అది కుంచించుకుపోతుంది. పాయింటర్‌ను కూడా 64 బిట్ల సంఖ్యగానే తీసుకోండి. అలైన్‌మెంట్ సంగతి మరీ ముఖ్యం. 32 బిట్ల అంకె వెనక 64 బిట్ల అంకె పెడితే పాత ఎక్స్86లో 12 బైట్లు, 64 బిట్ల ఎక్స్86లో 16. ఒకే స్ట్రక్ట్‌కు రెండు ఆకారాలు! పైగా మధ్యలో కంపైలర్ వదిలిన ఖాళీలోంచి కెర్నల్ స్టాక్‌లోని పాత బైట్లు బయటికి పొక్కే ప్రమాదం ఉంది. ఖాళీ ఉంటే దానికి పేరు పెట్టండి, సున్నా కాకపోతే తిప్పికొట్టండి.

చోటు ఒక్కటే చాలదు. పాత ‘ఓపెన్’ తెలియని ఫ్లాగులను చూసీచూడనట్టు వదిలేస్తుంది. అందుకే ‘ఓ_టీఎంపీఫైల్’ వచ్చినప్పుడు, పాత కెర్నల్ పొరపాటున ఒప్పుకోకుండా ‘ఓ_డైరెక్టరీ’ బిట్‌ను కూడా అందులో కలపాల్సి వచ్చింది. 2020 నాటి ‘ఓపెన్ఎట్2’ తెలియని బిట్ కనిపిస్తే ఎర్రర్ ఇచ్చేస్తుంది. స్ట్రక్ట్ సైజును కూడా అడుగుతుంది. చిన్నదొస్తే మిగతాది సున్నాలతో నింపుకుంటుంది, పెద్దదొస్తే అదనపు బైట్లన్నీ సున్నాలైతేనే ఒప్పుకుంటుంది.

హైదరాబాద్‌లో చిప్ కంపెనీల డ్రైవర్లు రాసే మనవాళ్లు ఎందరో. మీ తర్వాతి ప్యాచ్‌లో కొత్త ఐఓసీటీఎల్ ఉంటే, యూజర్‌స్పేస్‌కు వెళ్లే హెడర్ తెరిచి ప్రతి ఫీల్డ్ పక్కనా 32, 64 బిట్ల ఆఫ్‌సెట్లు రాయండి. రెండూ కలవకపోతే ఆ ప్యాచ్ పంపకండి. సమీక్షకు కూర్చున్నవాళ్లు, ఫ్లాగుల తనిఖీ లేని ప్యాచ్‌ను ముందుకు పోనివ్వకండి.