నిరీక్షణమునకు గడువు

జ్యేష్ఠమాసమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షయగు నీట్ ఫలితములు వెలువడినది మొదలుకొని కార్తీకము కడచువరకును మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నల్లగండ్ల ప్రాంతములందలి బహుళాంతస్తుల భవనములలో నివసించు ఎన్నియో కుటుంబములలో సంభాషణమంతయు ఒక్క ప్రశ్న చుట్టునే పరిభ్రమించుచుండును: సీటు వచ్చునా, రాదా? పరీక్షకు ముందటి ఆందోళనమును గూర్చి మన పత్రికలు కావలసినంత వ్రాసినవి. ఫలితములు వచ్చిన మరునాడు కార్పొరేటు కళాశాలలు తమ మొదటి ర్యాంకుల బాలబాలికల ఛాయాచిత్రములతో ఆ పత్రికల పుటలనే నింపినవి. కాని అర్హత లభించి, సీటు లభింపక, లభింపదని ఎవ్వరును తేల్చిచెప్పక, ఈ విడత గాకున్న మరు విడత యను ఆశతో నెలల తరబడి నడుమ వ్రేలాడు పదునెనిమిదేండ్ల పిల్లల స్థితిని గూర్చి వ్రాసినవారు అరుదు. తిరస్కారమైన నొకనాటి దుఃఖము. ఈ వ్రేలాట ఆరునెలల దుఃఖము. దానికొక గడువు నిర్ణయించుట తల్లిదండ్రులకును, ప్రవేశములు నడుపు అధికారులకును గూడ విధియని నా అభిప్రాయము.

అమెరికాలో స్థిరపడిన మనవారి పిల్లలకు వెయిట్‌లిస్టు అనునది లేఖారూపమున వచ్చును. అక్కడ ఏటా 50 వేలకు పైగా విద్యార్థులు వైద్యకళాశాలలకు దరఖాస్తు చేసికొనగా కడకు చేరువారు సుమారు 23 వేలమంది. ఇంటర్వ్యూ ముగిసిన పిమ్మట కళాశాల కొందరిని చేర్చుకొని, కొందరిని కాదని, మిగిలినవారిని నిలిచియుండుడని చెప్పును. మన పద్ధతిలో అట్టి లేఖ లేదు, అట్లు చెప్పు మనిషియు లేడు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతమును ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ అఖిలభారత స్థాయిలో నింపును. తక్కినవానిని, ప్రైవేటు కళాశాలల కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంటు కోటా సీట్లతో సహా, వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయము విడతలవారీగా నింపును. విద్యార్థి వెబ్ ఆప్షన్లు పెట్టుకొని కూర్చుండవలెను. ఒకరు ఎయిమ్సుకో జిప్మరుకో తరలిపోయిన గాని మరియొకరు గాంధీ వైద్యకళాశాలలోనికి జరుగలేరు. వారు జరిగిన గాని సిద్దిపేటలోనో సూర్యాపేటలోనో ఒక స్థానము ఖాళీ కాదు. అది ఖాళీయైన గాని ఏ ప్రైవేటు కళాశాలలోనో ఫీజు కట్టి కూర్చున్న పిల్ల స్లైడింగులో అటు పోజాలదు. ఆమె పోయిన గాని ఇంకను ఏ సీటును లేని పిల్లవానికి పిలుపు రాదు. ఇట్లు మొదటి విడత, రెండవ విడత, మాప్‌అప్, స్ట్రే వేకెన్సీ యని సాగిన ఈ గొలుసు 2024లో ఎంత పొడుగు సాగినదనగా, జూన్ 4న ఫలితములు వెలువడగా, మిగిలిపోయిన సీట్లకై సుప్రీంకోర్టు ప్రవేశముల గడువును డిసెంబరు 30 వరకు పొడిగింపవలసి వచ్చినది. తిరుమలలో కంపార్టుమెంటునందు కూర్చున్నవానికి ఎంత ఆలస్యమైనను దర్శనము తప్పదను భరోసా యుండును. ఇచ్చట తలుపు తెరచుకొనునా యనునదే తెలియదు.

ఆ 2024లో నీట్ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైగా; అర్హులని ప్రకటింపబడినవారు 13 లక్షలకు పైగా; దేశమందలి ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు. తెలంగాణ ఏర్పడిన 2014 నాటికి ఈ ప్రాంతమున ప్రభుత్వ వైద్యకళాశాలలు ఐదే: ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆదిలాబాదు, నిజామాబాదు. నేడు జిల్లాజిల్లాకును కళాశాల వెలసినది. సీట్లు పెరుగుట నిస్సందేహముగా మేలు. అయినను పెరిగిన సీట్లతోపాటు నిరీక్షించువారి పంక్తియు పొడవైనది. ఏలయన పూర్వము ఆశ వదలుకొని అగ్రికల్చరు బీయెస్సీలోనో ఫార్మసీలోనో సకాలమున చేరిపోవు ర్యాంకువాడు నేడు ‘స్ట్రేలో వచ్చునేమో’ యని మార్గశిరము వరకు కూర్చుండుచున్నాడు. అంచున నిలిచినవాని ఆతురతకు ధనకారణమును గలదు. ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా సీటునకు ఏటా 60 వేల రూపాయలు. అదే తరగతిలో, అదే బల్లపై, మేనేజ్‌మెంటు కోటాలోని బి కేటగిరీ సీటునకు 11 లక్షలకు పైమాట. చదువు ముగియునప్పటికి భేదము యాభై లక్షల దాపునకు వచ్చును; ఇద్దరి నడుమ నున్నవి మాత్రము కొన్ని ప్రశ్నలు.

ఆ కొన్ని ప్రశ్నల బలాబలము లెట్టివో తెలిసికొనుటకు అదే 2024 నాటి యుదంతము చాలును. భౌతికశాస్త్రమున పరమాణువులను గూర్చిన యొక ప్రశ్నకు పరీక్షాధికారులు మొదట రెండు సమాధానములను స్వీకరించిరి. ఏలయన పాత ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకమును బట్టి ఒకటి, క్రొత్త పుస్తకమును బట్టి మరియొకటి సరియని తోచినది. వివాదము సుప్రీంకోర్టునకు పోగా, న్యాయస్థానము ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణుల నడిగినది, వారు పరిశీలించి ఒక్కటియే సరియని తేల్చిరి. సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత యగుటచే నాలుగు లక్షలకు మించిన విద్యార్థులు ఒక్క కలముపోటున అయిదేసి మార్కులు కోల్పోయిరి. అంతకు ముందే కొందరి గ్రేసు మార్కులు రద్దయియుండుటచేతను, ఈ కోతచేతను, 720కి 720 తెచ్చుకొన్నవారు మొదట ప్రకటించిన 67 మంది నుండి కడకు 17 మందికి దిగిరి. ఆ నాలుగు లక్షలమంది పిల్లల బుద్ధి ఒక్కరాత్రిలో కుంచించుకుపోయినదా? 2016లో మన తెలంగాణముననే వైద్యప్రవేశములకై జరిపిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము లీకై, పరీక్ష రద్దై, సెప్టెంబరు 11న ఎంసెట్-3 జరుగగా, న్యాయముగా ర్యాంకు సంపాదించిన పిల్లలును దానిని వదలుకొని మరల పరీక్షకు కూర్చుండవలసి వచ్చినది.

నెదర్లాండ్సు దేశమున 1970ల నుండి చిరకాలము వైద్యవిద్యాప్రవేశములకు లాటరీ నడచినది. మంచి మార్కులు వచ్చినవారికి అవకాశము హెచ్చు, తక్కువ వచ్చినవారికి తక్కువ, కాని తుదకు తేల్చునది చీటీయే. ఆ పద్ధతి మనకు వలదనువారితో నాకు వాదము లేదు. అయినను అక్కడ సీటు రాని విద్యార్థి తన చీటీ తగులలేదని అనుకొనగలడు. ఇక్కడ సీటు రానివాడు తనకు మెదడే లేదని తలపోయును. ముప్పదివేలవ ర్యాంకుకడను, నలుబదివేలవ ర్యాంకుకడను మన పద్ధతియు చాలవరకు చీటీయే. ఆ సంగతి ఇంటిలో పెద్దవారు ఒప్పుకొన్న చాలును, సగము భారము దిగును.

ఒప్పుకొనుట హైటెక్ సిటీ కుటుంబములకు మరింత కష్టము. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి ఇటు చేరినవారిలో ఎంతోమందికి ఎంసెట్ ర్యాంకుతోనే జీవితము మలుపు తిరిగినది. ప్రవేశపరీక్షయనిన వారికి భక్తి. తమకు ఫలించినది బిడ్డకేల ఫలింపదను విశ్వాసము. వృత్తి నేర్పిన అభ్యాసమొకటి దీనికి తోడు: ఆలస్యమైన ప్రాజెక్టునకు మరికొంత కాలమును, మరికొంత వ్యయమును జతచేసిన పూర్తియగునని. గత సంవత్సరముల చివరి ర్యాంకులను కళాశాలవారీగా, కేటగిరీవారీగా ఎక్సెల్ పట్టికలో పేర్చి, మీటింగుల నడుమ తెరచి చూచుకొను తండ్రులను నేనెరుగుదును. పట్టికలో తప్పు లేదు. రాత్రి భోజనముల వేళ దానిని పిల్లయెదుట తెరచుటలో నున్నది తప్పు. సీటు రానియెడల కోచింగు కేంద్రములును హాస్టళ్లును క్రిక్కిరిసిన అయ్యప్ప సొసైటీ సందులు ఎంతో దూరమున లేవు. మరల ఏడాదిపాటు చదివించు లాంగ్‌టర్మ్ బ్యాచి సిద్ధముగా నుండును. లక్షల ఫీజు కట్టుటకు ఇంటిలో శక్తియు గలదు. నారాయణపేటలోనో జనగామలోనో చిన్నరైతు ఇంట లేమియే గడువు పెట్టును: రెండవ లాంగ్‌టర్మునకు అప్పు పుట్టదు గనుక ఆ పిల్ల నర్సింగులో చేరును. అది న్యాయమని నేననుట లేదు. ఆ పిల్లకు జరిగినది అన్యాయమే. కాని ఇక్కడ గడువు పెట్టువారే లేక, ఒక లాంగ్‌టర్మ్ రెండై, రెండు మూడై, ఇరువదియొకటవ యేట ఆ పిల్లవాడు ఇంటరు మొదటి సంవత్సరపు జంతుశాస్త్రమునే వల్లించుచు, తనతోడి వారందరును పట్టాలు పుచ్చుకొనుట చూచుచుండును.

ర్యాంకుతో నిమిత్తము లేని తిరస్కారమొకటి ఈ ప్రాంతమును ప్రత్యేకముగా బాధించుచున్నది. 2024 జూలైలో వెలువడిన జి.ఓ. 33 ప్రకారము, తొమ్మిదవ తరగతి నుండి ఇంటరు వరకు వరుసగా నాలుగేండ్లు ఈ రాష్ట్రమున చదివినవారే స్థానికులు. హైకోర్టు దానిని సడలించి చదువగా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించినది. ప్రభుత్వోద్యోగులు, సైనికులు మున్నగువారి సంతానమునకు మినహాయింపు దొరికినది. గచ్చిబౌలిలో ఇల్లు కొని, సంస్థ పంపగా మూడేండ్లు బెంగుళూరులోనో పుణెలోనో ఉండి వచ్చిన ఇంజనీరు బిడ్డకును, మంచి కోచింగని విజయవాడ హాస్టలులో చేర్పింపబడిన బిడ్డకును దొరకలేదు. స్థానికుల సీట్లను కాపాడవలెననుటలో నాకు భిన్నాభిప్రాయము లేదు. ఎనిమిదవ తరగతి ముగియుచుండగనే ప్రతి పాఠశాలయు ఈ నిబంధనను తల్లిదండ్రులకు వ్రాతమూలకముగా తెలుపవలెనని మాత్రము కోరుచున్నాను.

సీటు రాదని తేలిననాడు పరామర్శకు వచ్చు బంధువుల నోట వైద్యశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ వినవచ్చును. కథ సత్యమే. ఆయన మెట్రిక్యులేషను మూడవ పర్యాయమున గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడిరి, హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కక 1940లో లెడర్లీ సంస్థకు పోయి, ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేటు మొదలైన వానిపై లోకోపకారకమగు పరిశోధనలు నడిపిరి. అయినను ఆనాడు ఆ కథ చెప్పుట నిర్దయ యని నా మనవి. వరుసగా ఆరునెలలు ఓడిన పిల్లను సుబ్బారావంతటివారు కమ్మనుట ఆమెకు మరియొక ప్రవేశపరీక్ష పెట్టుటయే. కొన్నాళ్లు ఆమెను ఏడువనిండు, నిదురపోనిండు. బంధువుల ఫోన్లకు తల్లియో తండ్రియో బదులు చెప్పవలెను. కౌన్సెలింగు వెబ్‌సైటును పదిమార్లు తెరచి చూచు పని ఇంటిలో పెద్దవారొకరు తమపై వేసికొని, ఫలితము వచ్చిననాడు మాత్రమే పిల్లకు చెప్పవలెను. బ్రతుకు వృథా యను మాట పిల్లనోట ఒక్కసారి వినబడినను, తరువాతి విడత వచ్చువరకు ఆగరాదు. మానసికారోగ్య సహాయవాణి యగు టెలీ మానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఎప్పుడు ఫోను చేసినను తెలుగులోనే మాటాడువారు కలరు.

ఆ తరువాత ఏమి చేయవలెననుటకు ఉదాహరణములు వెదకుచు దూరదేశములకు పోనక్కరలేదు. ఇదే ఐటీ కారిడారు భవనములలో సహస్రాధికముగా బి.ఫార్మసీ, ఫిజియోథెరపీ, దంతవైద్యము, నర్సింగు చదివినవారు మెడికల్ కోడింగు చేయుచున్నారు. ఎక్కడనో టెక్సాసులో వైద్యుడు వ్రాసిన రోగి వృత్తాంతమును చదివి, వ్యాధిని, చికిత్సను ఐ.సి.డి.-10 మొదలగు సంకేతములలోనికి మార్చుట వారి పని. ఎం.బి.బి.ఎస్. కోరి పొందనివారు వారిలో తప్పక యుందురు. అది మహోన్నత వృత్తియని పొగడను. రోగిని ముట్టని ఆ పని కొందరికి విసుగనియు వినియున్నాను. అయినను జీవశాస్త్రము చదివినవానికి స్టెతస్కోపు లేనిదే అన్నము లేదను భయమును పోగొట్టుటకు, మన పిల్లలను ఒక సాయంకాలము వారిలో ఒకరితో టీ త్రాగ పంపినచో, కెరీర్ సెమినారుల కంటె మేలగును. రాజేంద్రనగరులో వ్యవసాయ, పశువైద్య విద్యలు కలవు. శామీర్‌పేట ప్రక్క జీనోమ్ వ్యాలీలో టీకాల పరిశ్రమ కలదు. విదేశీ ఎం.బి.బి.ఎస్. ప్రకటనల జోలికి పోవువారు మాత్రము, తిరిగివచ్చిన పిమ్మట వ్రాయవలసిన ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్షలో అధికసంఖ్యాకులు తప్పుచున్నారను సంగతిని కన్సల్టెంటు చెప్పకున్నను తామే విచారించుకొనవలెను.

ఇక గడువు. కౌన్సెలింగు మొదలగుటకు ముందే ఇంటిలో ఒక తేదీ నిర్ణయించుకొనుట మంచిది, దసరా యనుకొందము. అప్పటికి చేతనున్న సీటు ఏదైనను దానిలో చేరుట, ఆ మీదట స్ట్రేలో వచ్చిన అదృష్టము, రాకున్న మరచిన సంగతి. లాంగ్‌టర్మ్ కావలెనన్నచో ఆ మాట పిల్లయే, ఎవ్వరును అడుగకుండ, రెండవమారును మూడవమారును గూడ అనవలెను. అప్పటికిని ఒక్క సంవత్సరమే. ఫీజు చెల్లించునాడే రెండవ సంవత్సరము లేదని అందరును ఒప్పుకొనవలెను. అధికారులు చేయవలసినదియు పెద్దపని కాదు. ప్రతి విడత ముగిసిన మరునాడు ఏ కళాశాలలో, ఏ కేటగిరీలో ఎన్ని ఖాళీలున్నవో, చివరి ర్యాంకు ఎంతవరకు పోయినదో ఒకే పట్టికలో ప్రకటింపవలెను. అఖిలభారత విడతల తేదీలు మారిన ప్రతిసారియు రాష్ట్రపు తేదీలును అర్ధరాత్రి ప్రకటనలతో మారకుండ, పదిదినముల ముందు తెలుపవలెను. ఆయుష్, నర్సింగు, వ్యవసాయ కోర్సుల కౌన్సెలింగులను ఎం.బి.బి.ఎస్. విడతలతో సమన్వయించి, ఒకదానిలో చేరినవాడు మరియొకదానికి మారునప్పుడు అతని సర్టిఫికెట్లును, కట్టిన ఫీజును వారములోపల తిరిగి ఇప్పింపవలెను. నేడు మన పిల్లలలో పెక్కుమంది ఏ కోర్సులోను చేరక ఇంట కూర్చుండుటకు ఎం.బి.బి.ఎస్. పై ఆశ ఎంత కారణమో, ఒకచోట చేరినచో ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ చిక్కుకొనునను భయమును అంత కారణము.