తుపాకిని పట్టండి, కూలీని కాదు

2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం నగదు వాహనం సిబ్బందిలో ఒకరిని కాల్చి చంపిన దుండగులు అదే రోజు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ కాల్పులు జరిపారు. ఆగస్టు 12న మన బీరంగూడకు చేరువలోని చందానగర్ నగల దుకాణంలో తుపాకి పేలింది. రెండు కేసుల్లోనూ పోలీసులు బీహార్‌కు చెందినవారిని నిందితులుగా చూపారు.

2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల అక్రమ తయారీకి, అమ్మకానికి కనీసం 7 ఏళ్లు, అక్రమ రవాణాకు కనీసం 10 ఏళ్లు జైలు. గరిష్ఠంగా యావజ్జీవం. అయినా నాటు తుపాకి ఒక సంచిలో ఇమిడి రాష్ట్రాలు దాటుతుంది. కాల్చినవాడితో దర్యాప్తు ఆగకూడదు. అమ్మినవాడి దాకా, తయారుచేసినవాడి దాకా రాష్ట్రాల పోలీసులు కలిసి వెళ్లాలి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు పొట్టచేత పట్టుకొని వచ్చిన బీహారీ కూలీ దోషి కాడు. గదులు అద్దెకిచ్చే సహోదరులారా, గుర్తింపు కార్డు అందరినీ అడగండి. ఊరి పేరు విని ఎవరికీ తలుపు మూయకండి.